రాన్సమ్‌వేర్ దాడిని తట్టుకునే బ్యాకప్: పిస్కాటవే చిన్న వ్యాపారులు మొదటి నుంచి చివరిదాకా ఏం చేయాలి?

న్యూజెర్సీలోని పిస్కాటవేలో సెంటెన్నియల్ అవెన్యూ, హోస్ లేన్, స్టెల్టన్ రోడ్డు వెంట చిన్న ఆఫీసులు చాలా ఉన్నాయి. పదిమందితో నడిచే ఐటీ కన్సల్టెన్సీలు, ట్యాక్స్ ఆఫీసులు, ఫార్మసీలు, డెంటల్ క్లినిక్‌లు, గోదాములు. పక్కనే ఉన్న ఎడిసన్‌తో కలిపి చూస్తే వీటిలో మన తెలుగువాళ్ళు పెట్టినవి తక్కువేం కాదు. వీటి అసలు ఆస్తి బల్లలూ కుర్చీలూ కాదు. పేరోల్, ఇన్వాయిస్‌లు, ఉద్యోగుల ఐ-9 ఫారాలు, హెచ్-1బి పబ్లిక్ యాక్సెస్ ఫైళ్ళు, ఖాతాదారుల సోషల్ సెక్యూరిటీ నంబర్లు. ఇవన్నీ కంప్యూటర్లలోనే ఉంటాయి. ఒక సోమవారం పొద్దున ఏ ఫైలూ తెరుచుకోక, తెర మీద డబ్బు అడిగే నోటీసు కనిపిస్తే ఆ వారం జీతాలు ఎలా వేస్తారు?

ఇది దూరపు భయం కాదు. కలోనియల్ పైప్‌లైన్ టెక్సస్‌లోని హ్యూస్టన్ దగ్గర మొదలై, మనకు అరగంట దూరంలోని లిండెన్ దగ్గర ముగుస్తుంది. 2021 మే 7న రాన్సమ్‌వేర్ దాడితో ఆ సంస్థ పైప్‌లైన్‌నే ఆపేయాల్సి వచ్చింది. ఎడిసన్ కేంద్రంగా నడిచే హాకెన్‌సాక్ మెరిడియన్ హెల్త్ ఆసుపత్రుల మీద 2019 డిసెంబరులో దాడి జరిగింది. అత్యవసరం కాని సర్జరీలు వాయిదా పడ్డాయి, సంస్థ డబ్బు కట్టి బయటపడింది. ఇండియాలో మన ఊళ్ళలోనూ ఇదే కథ. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు స్టేషన్ల కంప్యూటర్లను పట్టుకుంది. 2019లో తెలంగాణ, ఆంధ్ర విద్యుత్ పంపిణీ సంస్థల మీద దాడి జరిగి ఆన్‌లైన్ బిల్లుల చెల్లింపులు ఆగిపోయాయి.

పెద్ద సంస్థలకు దెబ్బ తగిలినా లేవడానికి డబ్బు, మనుషులు ఉంటారు. చిన్న సంస్థకు ఉండేది బ్యాకప్ ఒక్కటే. ఆ బ్యాకప్ అక్కరకు రావాలంటే రెండు షరతులు. ఒకటి, మీ అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కినా అతను ఆ కాపీని చెరపలేకపోవాలి. రెండు, ఆ కాపీ నుంచి పనిని తిరిగి నిలబెట్టడం మీరు ఒక్కసారైనా చేసి చూసి ఉండాలి. ఈ రెండిటినీ సాధించే దారి అడుగడుగునా ఇది. కంప్యూటర్ ఇంజినీరు కానివాళ్ళు కూడా అనుసరించగలరు.

ముందుగా: దొంగ ఎలా పని చేస్తాడు?

రాన్సమ్‌వేర్ అంటే మీ ఫైళ్ళను మీకే అర్థం కాని గుప్తలిపిలోకి మార్చి, తాళం చెవి కావాలంటే డబ్బు కట్టమనే ప్రోగ్రాం. చాలామంది అనుకునేట్టు ఎవరో లింకు నొక్కగానే ఆ నిమిషంలోనే అంతా జరిగిపోదు. దొంగ ముందు లోపలికి వస్తాడు. ఫిషింగ్ మెయిల్, దొరికిన పాస్‌వర్డ్, అప్‌డేట్ చేయని వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేరే దారి), ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన రిమోట్ డెస్క్‌టాప్, వీటిలో ఏదో ఒకటి దారి అవుతుంది. వచ్చాక కొన్ని రోజులు చప్పుడు చేయకుండా తిరుగుతాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ సంపాదిస్తాడు. బ్యాకప్‌లు ఎక్కడున్నాయో వెతికి వాటిని చెరిపేస్తాడు, విండోస్ దాచుకునే షాడో కాపీలనూ తీసేస్తాడు. ఫైళ్ళను బయటికి కాపీ చేసుకుంటాడు. అప్పుడు తాళం వేస్తాడు.

2024 ఫిబ్రవరిలో అమెరికా అంతటా ఫార్మసీలను ఇబ్బంది పెట్టిన ఛేంజ్ హెల్త్‌కేర్ దాడి సరిగ్గా ఇలాగే నడిచింది. దొంగలు 12వ తేదీన దొంగిలించిన పాస్‌వర్డ్‌తో ఒక రిమోట్ పోర్టల్‌లోకి దిగారు. దానికి పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్ కోడ్ వంటి రెండో ధ్రువీకరణ లేదు. తాళం వేసింది 21న. మధ్యలో తొమ్మిది రోజులు. మాతృసంస్థ యునైటెడ్ హెల్త్ అప్పటి అధిపతి ఆండ్రూ విట్టీ ఆ ఏడాది మేలో సెనేట్ ముందు చెప్పినదాని ప్రకారం అసలు వ్యవస్థతోపాటు బ్యాకప్ వ్యవస్థ కూడా దాడిలో చిక్కుకుంది. అంత పెద్ద సంస్థకు బ్యాకప్ లేక కాదు, అది దొంగ చేతికి అందే చోట ఉండడం వల్ల ఆ గతి పట్టింది.

మెట్టు 1: ఏం కాపాడాలో జాబితా రాయండి

ఒక కాగితం తీసుకుని మీ సంస్థ డేటా ఎక్కడెక్కడ ఉందో రాయండి. ఆఫీసు సర్వర్, ఒక్కొక్కరి ల్యాప్‌టాప్, క్విక్‌బుక్స్, మైక్రోసాఫ్ట్ 365 లేదా గూగుల్ వర్క్‌స్పేస్, వెబ్‌సైట్, హైదరాబాదులో బ్యాక్ ఆఫీసు ఉంటే అక్కడి కంప్యూటర్లు. ఒక్కొక్కదాని పక్కన మూడు సంగతులు చేర్చండి: ఎంత సైజు, ఎవరి బాధ్యత, పోతే ఏం జరుగుతుంది.

"అన్నీ ముఖ్యమే" అని రాస్తే జాబితా పనికిరాదు. కన్సల్టెన్సీ అయితే పేరోల్, టైమ్‌షీట్లు, పబ్లిక్ యాక్సెస్ ఫైళ్ళు ముందు వరసలో ఉండాలి. లేబర్ డిపార్ట్‌మెంట్ అడిగిన రోజున చూపించాల్సినవి అవే. ఫార్మసీలు, క్లినిక్‌లకు ఆరోగ్య సమాచార రక్షణ చట్టమైన హిపా నిబంధనలే డేటా బ్యాకప్ ప్రణాళిక, విపత్తు నుంచి కోలుకునే ప్రణాళిక ఉండి తీరాలంటాయి. ట్యాక్స్ రిటర్నులు వేసేవాళ్ళకు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) సేఫ్‌గార్డ్స్ నిబంధన కింద రాతపూర్వక భద్రతా ప్రణాళిక తప్పనిసరి.

ఈ జాబితా రాసేటప్పుడే ఇంకో మేలు చేసుకోవచ్చు. ఉంచాల్సిన అవసరం లేని పాత ఫైళ్ళు కనిపిస్తాయి. ఉదాహరణకు ఐ-9 ఫారాన్ని ఉద్యోగంలో చేరిన తేదీ నుంచి మూడేళ్ళు, లేదా మానేసిన తేదీ నుంచి ఏడాది, ఏది తర్వాత వస్తే అప్పటివరకు ఉంచాలి. గడువు దాటినవి తీసేయండి. మీ దగ్గర లేనిదాన్ని దొంగ ఎత్తుకుపోలేడు.

మెట్టు 2: రెండు ప్రశ్నలకు అంకెల్లో జవాబు చెప్పుకోండి

మొదటి ప్రశ్న: ఎంతసేపటి పని పోయినా మళ్ళీ చేసుకోగలరు? దీన్ని ఐటీవాళ్ళు ఆర్‌పీఓ అంటారు. ఏప్రిల్ మొదటి వారంలో ట్యాక్స్ ఆఫీసుకు ఒక పూట పని పోవడమే పెద్ద నష్టం. అక్కడ గంటకోసారి బ్యాకప్ కావాలి. వారానికోసారి టైమ్‌షీట్లు వచ్చే కన్సల్టెన్సీకి రోజుకోసారి చాలు.

రెండో ప్రశ్న: ఎంతసేపట్లో తిరిగి పని మొదలవ్వాలి? ఇది ఆర్‌టీఓ. ఇక్కడ చాలామంది ఇంటర్నెట్ వేగాన్ని లెక్కలోకి తీసుకోరు. ఒక టెరాబైట్ డేటాను సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో క్లౌడ్‌కు పంపాలంటే నాలుగున్నర రోజులకు పైగా పడుతుంది. అదే డేటాను 100 మెగాబిట్ల వేగంతో తిరిగి దించుకోవాలంటే దాదాపు 22 గంటలు. అదీ లైన్ ఒక్క క్షణం ఆగకుండా నడిస్తే. నాలుగు గంటల్లో తిరిగి నిలబడాలనుకునే ఫార్మసీ క్లౌడ్ కాపీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఆఫీసులోనే దగ్గరగా ఇంకో కాపీ ఉండాలి.

జాబితాలో ఒక్కొక్కదాని ఎదురుగా ఈ రెండు అంకెలూ వేయండి. ఏం కొనాలో, ఎంత ఖర్చు పెట్టాలో అవే చెబుతాయి. బ్యాకప్ కంపెనీ ప్రతినిధి చెప్పేదానికంటే మీ అంకెలే మీకు నమ్మకమైన సలహాదారు.

మెట్టు 3: 3-2-1 సూత్రం పట్టుకోండి

పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ తన ఫొటోలు పోకుండా దాచుకోవడం కోసం ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇది. మొత్తం 3 కాపీలు ఉండాలి, వాడుతున్నదానితో కలిపి. అవి 2 వేర్వేరు రకాల చోట్ల ఉండాలి. వాటిలో 1 ఆఫీసు బయట ఉండాలి. రాన్సమ్‌వేర్ కాలంలో దీనికి ఇంకో రెండు అంకెలు చేరాయి: 1 కాపీ దొంగ చెరపలేనిదిగా ఉండాలి, రీస్టోర్ చేసి, అంటే కాపీ నుంచి తిరిగి తెచ్చి, చూసినప్పుడు 0 తప్పులు ఉండాలి.

పదిమంది ఆఫీసుకు దీన్ని ఇలా అమర్చుకోవచ్చు.

- మొదటి కాపీ: రోజూ పని చేసే సర్వర్, ల్యాప్‌టాప్‌లలో ఉన్న అసలు డేటా.
- రెండో కాపీ: ఆఫీసులోనే ఒక నాస్ పెట్టె, అంటే నెట్‌వర్క్‌కు తగిలించే నిల్వ పెట్టె. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రోజూ దీనిలోకి కాపీ చేస్తుంది. త్వరగా తిరిగి నిలబడడానికి ఇది.
- మూడో కాపీ: క్లౌడ్‌లో, తాళం వేసిన నిల్వలో. ఆఫీసే మునిగినా, కాలినా మిగిలేది ఇది.
- అదనంగా రెండు యూఎస్‌బీ హార్డ్ డిస్కులు. వారం మార్చి వారం ఒకటి తగిలించి, కాపీ అయ్యాక పీకేసి వేరే చోట దాచేవి.

బయట ఉండే కాపీ ఎందుకో ఈ ప్రాంతంవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. 2012 అక్టోబరు 29న శాండీ తుఫాను, 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను ఏం చేశాయో చూశాం. ఐడా దెబ్బకు రారిటన్ నది పొంగి బౌండ్ బ్రూక్, మాన్‌విల్ వీధులు మునిగాయి. సర్వర్ బేస్‌మెంట్‌లో, దాని బ్యాకప్ డిస్కు కూడా అదే బేస్‌మెంట్ షెల్ఫులో ఉంటే దొంగ రానక్కర్లేదు, నీళ్ళు చాలు.

మెట్టు 4: ఒక కాపీని దొంగ చేతికి అందకుండా చేయండి

వీటన్నిటిలో ముఖ్యమైన మెట్టు ఇదే. మిగతావాటికి సమయం తక్కువైనా దీనికి కేటాయించండి.

మొదటి పద్ధతి, వైరు పీకేయడం. తగిలించి లేని డిస్కును ఇంటర్నెట్‌లోంచి ఎవరూ ముట్టుకోలేరు. కాపీ పూర్తికాగానే పీకడం ఒకరి బాధ్యతగా పెట్టండి. డిస్కు పోతే డేటా బయటపడకుండా దాన్ని బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేయండి. రికవరీ కీని కాగితం మీద ముద్రించి డిస్కు ఉన్న చోట కాకుండా ఇంకో చోట దాచండి. ఆ కీ పోతే ఆ బ్యాకప్ మీకు కూడా లేనట్టే.

రెండో పద్ధతి, చెరపలేని క్లౌడ్ నిల్వ. అమెజాన్ ఎస్3, బ్యాక్‌బ్లేజ్ బీ2, వసాబి వంటి సేవల్లో ఆబ్జెక్ట్ లాక్ అనే ఏర్పాటు ఉంది. మీరు 30 రోజులు అని పెడితే ఆ 30 రోజులు ఆ కాపీని ఎవరూ చెరపలేరు, మార్చలేరు. అమెజాన్‌లో దీనికి రెండు రకాలున్నాయి. గవర్నెన్స్ మోడ్‌లో ప్రత్యేక అనుమతి ఉన్నవాళ్ళు తాళం తీయగలరు. కంప్లయన్స్ మోడ్‌లో ఖాతా యజమాని కూడా గడువు తీరేదాకా ఏమీ చేయలేరు. గడువు తీరేవరకు ఆ నిల్వకు అద్దె పడుతుంది కాబట్టి ముందు కొద్దిపాటి డేటాతో, కొద్ది రోజుల గడువుతో పెట్టి చూడండి. పద్ధతి అర్థమయ్యాక పెంచండి.

మూడో సంగతి, పాస్‌వర్డులు. రోజూ వాడే అడ్మిన్ పాస్‌వర్డ్‌తోనే బ్యాకప్ కూడా తెరుచుకుంటే, బీరువా తాళం చెవిని బీరువాకే వేలాడదీసినట్టు. అందుకని:

- బ్యాకప్ కోసం వేరే ఖాతా, వేరే పాస్‌వర్డ్ పెట్టండి. దాన్ని మెయిల్ చదవడానికి, బ్రౌజింగ్‌కు వాడకండి.
- బ్యాకప్ సర్వర్‌నూ నాస్‌నూ ఆఫీసు లాగిన్లను నడిపే విండోస్ డొమైన్‌లో చేర్చకండి.
- క్లౌడ్ ఖాతాకు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు రెండో ధ్రువీకరణ తప్పక పెట్టండి.
- నాస్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ అలా తెరిచి ఉన్న క్యూనాప్ నాస్ పెట్టెలనే వెతికి పట్టుకుంది.
- ఎవరైనా ఉద్యోగం మానేస్తే అదే రోజు వాళ్ళ ప్రవేశాలు తీసేయండి.

మెట్టు 5: సింక్‌ను బ్యాకప్ అనుకోకండి

"మా ఫైళ్ళన్నీ వన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, మాకేం భయం" అనే మాట తరచుగా వినిపిస్తుంది. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ చేసేది సింక్, అంటే అన్ని చోట్లా ఒకే కాపీ ఉండేలా చూడడం. ల్యాప్‌టాప్‌లో ఫైలు పాడైతే ఆ పాడైన ఫైలే పైకి వెళుతుంది. పాత వెర్షన్లు కొన్నాళ్ళు ఉంటాయి, నిజమే. వన్‌డ్రైవ్‌ను గత 30 రోజుల్లో ఏదో ఒక సమయానికి వెనక్కి తిప్పవచ్చు. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో ఫైళ్ళు 30 రోజులుంటాయి. కానీ అడ్మిన్ ఖాతా దొంగ చేతిలో ఉంటే ఈ గడువుల మీద భరోసా పెట్టుకోలేం. క్లౌడ్ సేవలో ఉన్న మీ డేటా బాధ్యత మీదే.

సింక్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో మేర్స్క్ షిప్పింగ్ కంపెనీకి 2017 జూన్ 27న తెలిసింది. ఫైళ్ళను పాడుచేసే నాట్‌పెట్యా అనే ప్రోగ్రాం దాడికి మనకు దగ్గరలోని ఎలిజబెత్ రేవులో వాళ్ళ టెర్మినల్ గేటు కూడా ఆగిపోయి లారీలు బారులు తీరాయి. ఆ కంపెనీ లాగిన్‌లను నడిపే సర్వర్లు ప్రపంచమంతటా దాదాపు 150 ఉండేవి. ఒకదాన్ని చూసి ఒకటి సరిచేసుకునేవి కాబట్టి వేరే బ్యాకప్ అక్కర్లేదనుకున్నారు. అన్నీ ఒకేసారి పోయాయి. ఘనాలోని ఒక్క సర్వర్ మిగిలింది, అదీ ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి నెట్‌వర్క్‌కు దూరంగా ఉండడం వల్ల. ఆ ఒక్కదాని నుంచే కంపెనీ మళ్ళీ లేచింది. కరెంటు కోత దయ మీద ఆధారపడకుండా అలాంటి దూరాన్ని మనమే ఏర్పాటు చేసుకోవాలి.

కాబట్టి మైక్రోసాఫ్ట్ 365, గూగుల్ వర్క్‌స్పేస్ మెయిళ్ళకూ ఫైళ్ళకూ వేరే సంస్థ బ్యాకప్ సేవ తీసుకోండి. క్విక్‌బుక్స్ డెస్క్‌టాప్ వాడేవాళ్ళు తెరిచి ఉన్న కంపెనీ ఫైలును అలాగే కాపీ చేయకండి, సగంలో రాస్తున్న ఫైలు కాపీ తెరుచుకోకపోవచ్చు. ప్రోగ్రాంలోనే ఉన్న బ్యాకప్ పద్ధతి వాడండి. ఆన్‌లైన్ క్విక్‌బుక్స్ అయితే నెలకోసారి రిపోర్టులు, ఖాతాదారుల జాబితా దించుకుని దాచండి.

మెట్టు 6: పాత కాపీలు కూడా ఉంచండి

దొంగ తొమ్మిది రోజులు లోపల తిరిగాడంటే ఆ తొమ్మిది రోజుల బ్యాకప్‌లలో అతను పెట్టిన ప్రోగ్రాం కూడా ఉండవచ్చు. నిన్నటి కాపీ ఒక్కటే ఉంటే జబ్బునే తిరిగి తెచ్చుకున్నట్టవుతుంది. మొదలుపెట్టడానికి ఈ లెక్క బాగుంటుంది: గత 7 రోజులకు రోజుకొకటి, గత 4 వారాలకు వారానికొకటి, గత 12 నెలలకు నెలకొకటి. మారినంతవరకే కాపీ చేసే సాఫ్ట్‌వేర్ వాడితే ఇవన్నీ కలిపినా అనుకున్నంత చోటు పట్టదు. ట్యాక్స్ ఆఫీసులు ఏడాది ముగింపు కాపీని విడిగా, చట్టం చెప్పినంతకాలం దాచాలి.

మెట్టు 7: రీస్టోర్ చేసి చూడండి

రోజూ "బ్యాకప్ విజయవంతం" అని మెయిల్ వస్తుంది. అది కాపీ జరిగిందని చెబుతుంది, తెరుచుకుంటుందని కాదు. తెరిచి చూసిన కాపీని మాత్రమే బ్యాకప్‌గా లెక్కవేయండి.

నెలకోసారి ఏదో ఒక ఫోల్డరు తీసుకుని బ్యాకప్ నుంచి వేరే చోటికి రీస్టోర్ చేయండి. ఫైలు పేరు కనిపిస్తే సరిపోదు, తెరిచి లోపలి అంకెలు చూడాలి. క్విక్‌బుక్స్ అయితే పోయిన నెల బ్యాంకు నిల్వతో సరిపోతుందో లేదో చూడండి. మూడు నెలలకోసారి ఒక కంప్యూటర్‌నో సర్వర్‌నో పూర్తిగా ఖాళీ యంత్రంలోకి రీస్టోర్ చేయండి. ఆ యంత్రం ఆఫీసు నెట్‌వర్క్‌కు తగిలించి ఉండకూడదు. మొదలుపెట్టిన సమయం, ముగిసిన సమయం రాసుకోండి. మెట్టు 2లో నాలుగు గంటలు అని రాసి నిజంగా పద్నాలుగు గంటలు పడితే, సరిచేసుకోవాల్సింది ఇప్పుడే.

ఈ పనిని ఎప్పుడూ ఒక్క మనిషే చేయకూడదు. ఐటీ చూసే అతను ఇండియా వెళ్ళి విమానంలో ఉన్న రోజునే దాడి జరగవచ్చు. రెండో మనిషి రాసి ఉన్న సూచనలు చూసి చేయగలగాలి.

మెట్టు 8: ప్రణాళికను కాగితం మీద పెట్టండి

కంప్యూటర్లు పని చేయని రోజున కంప్యూటర్‌లో ఉన్న ప్రణాళికను ఎవరు చదువుతారు? నాలుగు పేజీలు చాలు. ముద్రించి ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచండి. అందులో ఉండాల్సినవి:

- ఎవరు నిర్ణయాలు తీసుకుంటారు, వాళ్ళు దొరక్కపోతే ఎవరు.
- ఫోన్ నంబర్లు: ఐటీ సేవలందించేవాళ్ళు, సైబర్ బీమా కంపెనీ, లాయరు, పేరోల్ కంపెనీ, హైదరాబాదు టీము.
- కంపెనీ మెయిల్‌తో సంబంధం లేని మాట్లాడుకునే దారి. దొంగ మీ మెయిళ్ళు చదువుతూ ఉండవచ్చు.
- ఏది ముందు నిలబెట్టాలి. సాధారణంగా నెట్‌వర్క్, లాగిన్లు, పేరోల్ లేదా బిల్లింగ్, ఆ తర్వాత మిగతావి.
- కంప్యూటర్ లేకుండా రెండు రోజులు పని ఎలా నడపాలి. కాగితం రసీదులు, చేత్తో రాసే అపాయింట్‌మెంట్ పుస్తకం.
- సాఫ్ట్‌వేర్ లైసెన్సుల వివరాలు.

సైబర్ బీమా ఉంటే పాలసీని ఈ సమయంలోనే చదవండి. చాలా పాలసీలు రెండో ధ్రువీకరణ, బ్యాకప్ ఉండాలని అడుగుతాయి. ఫారంలో లేనిది ఉందని రాస్తే క్లెయిమ్ రోజున చిక్కు. రాహ్‌వేలోని మెర్క్ కంపెనీ నాట్‌పెట్యా నష్టానికి దాదాపు 140 కోట్ల డాలర్ల బీమా అడిగితే, బీమా కంపెనీలు ఇది యుద్ధచర్య అంటూ కాదన్నాయి. 2023 మేలో న్యూజెర్సీ అప్పీలు కోర్టు మెర్క్ వైపు తీర్పిచ్చింది, కానీ దాడి జరిగి అప్పటికి ఆరేళ్ళు కావస్తోంది. చిన్న వ్యాపారం అన్నాళ్ళు ఆగలేదు.

మెట్టు 9: తలుపులు కూడా మూయండి

బ్యాకప్ చివరి రక్ష. దాని వరకు రాకుండా చూసుకోవడం ఇంకా మంచిది. వానాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది, దాడి జరిగింది మే 12న. ఆ రెండు నెలల్లో అప్‌డేట్ చేసిన కంప్యూటర్లు తప్పించుకున్నాయి. కలోనియల్ పైప్‌లైన్‌లోకి దొంగలు వచ్చిన దారి, రెండో ధ్రువీకరణ లేని ఒక పాత వీపీఎన్ ఖాతా. కాబట్టి అప్‌డేట్లు ఆపకండి. మెయిల్‌కూ వీపీఎన్‌కూ రెండో ధ్రువీకరణ పెట్టండి. రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకండి. ఉద్యోగులకు రోజూ వాడే ఖాతాలో అడ్మిన్ హక్కులివ్వకండి. రెజ్యూమేల పేరుతో వచ్చే అటాచ్‌మెంట్లు కన్సల్టెన్సీలకు పెద్ద ప్రమాదం, రిక్రూటర్లకు ఆ సంగతి నేర్పండి.

మెట్టు 10: దాడి జరిగిన రోజున

వరస తప్పకుండా చేయండి.

1. నెట్‌వర్క్ వైర్లు పీకండి, వైఫై ఆపండి. కంప్యూటర్ల పవర్ వెంటనే ఆపకండి, దర్యాప్తుకు కావాల్సిన ఆనవాళ్ళు మెమరీలో ఉంటాయి. నెట్‌వర్క్ నుంచి విడదీయడం కుదరకపోతే మాత్రం ఆపేయండి.
2. బ్యాకప్ డిస్కులేవైనా తగిలించి ఉంటే పీకండి. కంగారులో కొత్తగా ఏదీ తగిలించకండి.
3. తెర మీది నోటీసును ఫోన్‌తో ఫొటో తీయండి.
4. బీమా కంపెనీకి, లాయరుకు ఫోన్ చేయండి. వాళ్ళు పంపే నిపుణులు వచ్చేవరకు ఏదీ చెరపకండి.
5. ఎఫ్‌బీఐ ఐసీ3 పోర్టల్‌లో, న్యూజెర్సీ రాష్ట్ర సైబర్ భద్రతా విభాగమైన ఎన్‌జేసీసీఐసీకి ఫిర్యాదు చేయండి. హైదరాబాదు ఆఫీసు కూడా దెబ్బతింటే, 2022 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం తెలిసిన 6 గంటల్లో వాళ్ళకు చెప్పాలి.
6. సోషల్ సెక్యూరిటీ నంబర్ల వంటి వ్యక్తిగత వివరాలు బయటపడి ఉంటే, న్యూజెర్సీ చట్టం ప్రకారం ఖాతాదారులకు చెప్పేముందు రాష్ట్ర పోలీసు విభాగానికి తెలియజేయాలి. ఇది లాయరు చేత చేయించండి.
7. దొంగ ఏ రోజున ఏ దారిన వచ్చాడో తేలాక, కంప్యూటర్లను పూర్తిగా తుడిచి విండోస్ కొత్తగా వేయించండి. శుభ్రమైన యంత్రం నుంచి అన్ని పాస్‌వర్డులూ మార్చండి. ఆ దారి మూసేయండి.
8. దొంగ రాకముందు తేదీ కాపీ నుంచి, ప్రణాళికలో రాసిన వరసలో రీస్టోర్ చేయండి.

డబ్బు కట్టాలా? ఎఫ్‌బీఐ కట్టవద్దనే చెబుతుంది. కలోనియల్ 44 లక్షల డాలర్లు కట్టి తాళం చెవి తెచ్చుకుంటే, అది ఎంత నెమ్మదిగా పని చేసిందంటే తమ బ్యాకప్‌ల నుంచే పని కొనసాగించుకోవాల్సి వచ్చింది. ఛేంజ్ హెల్త్‌కేర్ తరఫున 2 కోట్ల 20 లక్షల డాలర్లు కట్టాక కూడా ఇంకో ముఠా అదే డేటా పట్టుకుని బెదిరించింది. పైగా మిమ్మల్ని డబ్బు అడిగే ముఠా అమెరికా ఆంక్షల జాబితాలో ఉంటే డబ్బు కట్టడమే నేరం కావచ్చు. కొన్ని పాత రాన్సమ్‌వేర్ రకాలకు నో మోర్ రాన్సమ్ అనే యూరోపోల్ భాగస్వామ్య ప్రాజెక్టు ఉచితంగా తాళం చెవులు ఇస్తుంది. ముందు అక్కడ చూడండి.

ఒక్క నెలలో మొదలుపెట్టే పద్ధతి

మొదటి వారం: జాబితా, రెండు అంకెలు. మెయిల్‌కు, బ్యాంకు ఖాతాకు, వీపీఎన్‌కు రెండో ధ్రువీకరణ. రెండో వారం: రెండు యూఎస్‌బీ డిస్కులు కొని ఎన్‌క్రిప్ట్ చేసి మొదటి పూర్తి కాపీ. పీకి బయట దాచడం. మూడో వారం: ఆబ్జెక్ట్ లాక్ ఉన్న క్లౌడ్ నిల్వ తెరిచి ముఖ్యమైన డేటాను పంపడం, మెయిళ్ళకు బ్యాకప్ సేవ. నాలుగో వారం: మొదటి రీస్టోర్ పరీక్ష, నాలుగు పేజీల ప్రణాళిక ముద్రణ. ఐటీ పని బయటివాళ్ళకు అప్పగించినవాళ్ళు వాళ్ళను మూడు ప్రశ్నలడగండి: మా అడ్మిన్ పాస్‌వర్డ్ పోతే చెరగకుండా మిగిలే కాపీ ఏది? చివరిసారి రీస్టోర్ ఎప్పుడు చేసి చూశారు? ఎన్ని గంటలు పట్టింది? తేదీతో, అంకెతో జవాబు రాకపోతే ఆ పని ఇంకా జరగనట్టే.

మీ ఫైళ్ళలో మీ లాభనష్టాలే కాదు, మీ దగ్గర పని చేసేవాళ్ళ జీతాలు, వీసా కాగితాలు, మిమ్మల్ని నమ్మి వివరాలిచ్చిన కుటుంబాల గుట్టు కూడా ఉన్నాయి. వాటిని కాపాడడం యజమానిగా మీ బాధ్యత, దానికి పెద్ద పెట్టుబడి కూడా అక్కర్లేదు. ఈ శనివారం ఒక గంట తీసుకుని ఇప్పుడున్న బ్యాకప్ నుంచి ఒక్క ఫోల్డరు రీస్టోర్ చేసి చూడండి. తెరుచుకుంటే నాలుగో మెట్టు మొదలుపెట్టండి. తెరుచుకోకపోతే ఆ సంగతి దొంగకంటే ముందు మీకే తెలిసింది, సోమవారమే బాగు చేయించండి.